ఆఖరి బండికి నేను చెప్పిన కామెంటరీ

దుబాయ్‌కి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అరబ్బీ వచ్చా అని ఎవరైనా అడిగితే వచ్చనేవాణ్ణి (వచ్చినవి రెండే మాటలు, యల్లా, ఖలాస్. పని మొదలుపెట్టడానికీ ఆపడానికీ ఆ రెండూ చాలని నా నమ్మకం). ఎక్సెల్ తెలుసా అంటే కళ్ళు మూసుకుని చేస్తాననేవాణ్ణి. తెలియదంటే చాలు, మళ్ళీ జగిత్యాల బస్సెక్కించేస్తారేమోనని భయం. కరోనా కాస్త సద్దుమణిగి, మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి జారిన కాలమది. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో జనరేటర్లు, కరెంటు ప్యానెళ్ళు అద్దెకిచ్చే ఒక కంపెనీలో స్టోర్ అసిస్టెంటుగా చేరాను. ఆర్నెల్లు ప్రొబేషన్. అది ముగిశాక నన్ను ఉంచాలా పంపాలా అని సంతకం పెట్టవలసినవాడు మా మేనేజరు. ఆరడుగుల అమెరికా మనిషి. మేమంతా ఆయన్ని అమెరికా సారు అనేవాళ్ళం.

ఆయన టేబుల్ మీద ఒక చిన్న రేసు కారు బొమ్మ ఉండేది. ఒకసారి ఫైలు ఇవ్వడానికి వెళ్ళి దాన్ని రెండు సెకన్లు ఎక్కువ చూశాను. అదే నేను చేసిన తప్పు. "నీకూ రేసులంటే ఇష్టమా?" అన్నాడాయన, మొహం వెలిగిపోతూ. "ప్రాణం సార్. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను" అన్నాను. చిన్నప్పట్నుంచీ నేను చూసింది క్రికెట్. చానెళ్ళు మారుస్తుంటే మధ్యలో ఎక్కడో కార్లు జుయ్యిమనేవి, అంతే.

ఆ చలికాలం అబూధాబీలో జరిగే కార్ల రేసుకి లైట్ల కోసం మా ప్యానెళ్ళు అద్దెకు వెళ్ళాయి. వాటి వెంట నేనూ, మా కరెంటన్నా వెళ్ళాం. కరెంటన్నది నిజామాబాద్ వైపు. ఎలక్ట్రీషియనుగా పదిహేనేళ్ళ నుంచి దుబాయ్‌లోనే ఉన్నాడు. ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలిగితే కరెంటన్నను పిలవడం నా డ్యూటీ. వెలగకపోతే కుర్చీలో కూర్చోవడం నా డ్యూటీ. రేసు రోజు మధ్యాహ్నం అమెరికా సారు నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మా నాన్న అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో, పెద్దవాళ్ళందరూ కలిసి ఉండే హోమ్‌లో ఉంటాడు. ఈ ఏడాది రేసులన్నీ ఏదో డబ్బు కట్టే చానెల్‌కి వెళ్ళిపోయాయి. వాళ్ళ హోమ్‌లో ఆ చానెల్ రాదు. ప్రతిసారీ నేను ఇంట్లో టీవీ చూస్తూ ఫోన్‌లో చెప్పేవాణ్ణి. ఇవాళ కంట్రోల్ రూమ్ వదిలి కదలలేను. నీకు రేసులు ప్రాణం కదా, నువ్వు చెప్పు."

ప్రాణం అన్న నోటితో కాదని ఎలా అనడం? వీడియో చూపిద్దామంటే పనివాళ్ళ ఫోన్ కెమెరాలకు సెక్యూరిటీవాళ్ళు గేటు దగ్గరే స్టిక్కర్లు అంటించేశారు. ఇక మిగిలింది నా నోరే.

సాయంత్రం రేసు మొదలయ్యే ముందు ఫోన్ కలిపాను. అక్కడ పొద్దున్న ఏడు గంటలు. పెద్దాయన గొంతు గరగరలాడుతూ, ఉషారుగా ఉంది. "మా చిన్నతనంలో ఆదివారం జరిగిన రేసుని వారం తర్వాత అరగంట చూపించేవాళ్ళు. ప్రకటన వెయ్యడానికి ముందు ఒకడు ముందుండేవాడు, ప్రకటన అయ్యాక ఇంకొకడు. మధ్యలో ఏం జరిగిందో దేవుడికే తెలియాలి. ఇప్పుడు ఆ అరగంట కూడా లేదు. ఇక్కడ టీవీలో ఎవరో టర్కీ కోడిని ఎలా వండాలో చెబుతున్నారు. నువ్వే మాకు టీవీ" అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ వీధి చివర గ్యారేజీ నడిపిన ఒక ముసలాయన కూడా ఆ హోమ్‌లోనే ఉంటాడట. ఆయన మనవడు తెల్ల బండి జట్టులో చక్రాలు బిగించే మెకానిక్కట. "కాబట్టి తెల్ల బండిని వదలకు. ముందు చెప్పు, టైర్లు ఏవి వేశారు?"

నేను మా ప్యానెళ్ళ పక్కన కంచెకు కట్టిన గుడ్డలోని చిరుగులోంచి తొంగి చూశాను. అక్కడినుంచి ట్రాకు ఓ యాభై గజాలు కనిపిస్తుంది, అంతే. "నల్లవి సార్" అన్నాను. చాల్లేదేమోనని, "నాలుగూ నల్లవే సార్. కొత్తవిలాగే ఉన్నాయి" అని కూడా చెప్పాను. (టైరు పక్కన ఉండే రంగు గీతని బట్టి అది ఏ రకమో చెబుతారని నాకు తెలిసింది ఆరు నెలల తర్వాత.)

రేసు మొదలైంది. చెవులు చిల్లులు పడే చప్పుడు. ఇరవై బండ్లు ఒక్క ఊపులో దాటిపోయాయి. "నీలం బండి వెళ్ళింది సార్! ఎర్ర బండి వెళ్ళింది! మళ్ళీ నీలం బండి!" అని అరిచాను. క్రికెట్ కామెంటరీ ఊపు వచ్చేసింది, ఒకసారి "అద్భుతమైన షాట్!" అని కూడా అన్నట్టున్నాను. కాసేపటికి బండ్లు చెల్లాచెదురై, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా పోయింది. అప్పుడే కనిపించింది తెల్ల బండి. దాని ముందు ఎవరూ లేరు. దాని వెనక కొంచెం దూరంలో నీలం బండి తరుముకొస్తోంది.

"సార్, తెల్ల బండి ముందుంది! అందరికంటే ముందు!"

పెద్దాయన కేక పెట్టాడు. కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది. "గ్యారేజీ ఆయన్ని తీసుకురండి, లేపండి!" అని ఎవరో అంటున్నారు. ఫోన్ స్పీకర్లో పెట్టారు. చక్రాల కుర్చీ దొర్లింది, వణుకుతున్న మరో గొంతు వచ్చింది. "నిజమేనా నాయనా? మావాడి బండేనా?"

"నిజమే సార్" అన్నాను, గుండె ఉప్పొంగిపోతుండగా.

అప్పటికే కరెంటన్న నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ట్రాకు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "ఏం జెప్తున్నవ్ తమ్మీ? గది ఫస్టుది కాదుర. ఆఖరి బండి. దాంట్ల ఏదో ఖరాబైనట్టుంది, దగ్గర దగ్గర ఒక రౌండు ఎనకవడ్డది. ఆ నీలం బండి ఒక రౌండు ఎక్కువ కొట్టి దాన్ని దాటనీకి వస్తున్నది."

"ముందల ఎవ్వల్లేరు గదన్నా!"

"రోడ్డు గుండ్రంగున్నప్పుడు ఆఖరోని ముందల గూడ ఎవ్వలుండర్ర."

అవతల హోమ్ మొత్తం చప్పట్లు కొడుతోంది. ఫోన్ పెట్టేసి సిగ్నల్ పోయిందని చెప్పుకోవచ్చు. నిజం చెబుతున్నా, వేలు ఆ ఎర్ర గుర్తు దాకా వెళ్ళింది కూడా. కానీ ఆ గ్యారేజీ తాత ఊపిరి ఫోన్‌లో వినిపిస్తూనే ఉంది. ఆయాసంగా, ఆత్రంగా. ఆ ఊపిరిని అలా వదిలేసి పెట్టెయ్యలేకపోయాను.

"సార్, క్షమించండి. నాకు రేసులు తెలియవు. ఒక్కటి కూడా చూడలేదు. తెల్ల బండి ముందు లేదు. ఆఖర్న ఉంది."

చప్పట్లు ఆగిపోయాయి. టర్కీ కోడిలో ఉప్పు ఎంత వెయ్యాలో టీవీ చెప్పడం మాత్రం వినిపించింది. నా ప్రొబేషన్ ఖలాస్ అనుకున్నాను. అప్పుడు గ్యారేజీ తాత అడిగాడు. "నడుస్తోందా ఇంకా?"

"నడుస్తోంది సార్."

"నాలుగు చక్రాలూ ఉన్నాయా?"

"ఉన్నాయి సార్."

"అయితే మావాడు బాగానే బిగించాడు. అది నీ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా చెప్పు, చాలు."

ఇక రేసు అయ్యేదాకా నేను చేసిన కామెంటరీ ఒకే ఒక్క మాట. నిమిషమున్నరకోసారి "వచ్చింది సార్" అనేవాణ్ణి. అక్కడ హోమ్ మొత్తం "హోయ్!" అనేది. ఒకసారి రెండు సెకన్లు ఆలస్యమైతే మా అందరి గుండెలూ ఆగాయి. కరెంటన్న ప్యానెల్ వదిలేసి కంచె పట్టుకుని "దా బిడ్డా, దా" అంటూ ఆ బండిని పిలిచాడు. ఆఖరిసారి అది దాటి వెళ్ళి, రేసు పూర్తయిందని చెప్పినప్పుడు వాళ్ళు కొట్టిన చప్పట్లు గెలిచినవాడికి కూడా దక్కి ఉండవు. (ఇంతకీ ఎవరు గెలిచారు? నాకు తెలియదు. వాళ్ళూ అడగలేదు.)

రెండు రోజుల తర్వాత అమెరికా సారు పిలిపించాడు. మొహంలో నవ్వు లేదు. "నీకు రేసులు తెలుసన్నావు."

"తెలియవు సార్."

"ఎక్సెల్?"

నేను తల దించుకున్నాను. "అదీ అంతంతమాత్రమే సార్."

ఆయన నన్ను ఉంచుకుంటున్నట్టు ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టాడు. దానికింద, వచ్చే నెలంతా శుక్రవారాలు కంప్యూటర్ క్లాసుకి పోవాలని రాశాడు.

మరుసటి ఏడాదికి నేను సిద్ధమయ్యాను. డ్రైవర్ల పేర్లు, జట్లు, రంగు గీతలు, రూల్సు, అన్నీ నోట్‌బుక్కులో రాసుకుని బట్టీ పట్టాను. మళ్ళీ అదే పని, అదే కంచె. అమెరికా సారు వచ్చి, వాళ్ళ చెల్లెలు నాన్నకి ఆ చానెల్ పెట్టించిందని, బొమ్మ అద్దంలా వస్తోందని చెప్పాడు. సంతోషం సార్ అన్నాను, నోట్‌బుక్కు వెనక జేబులోకి తోస్తూ.

రేసు మొదలైన పది నిమిషాలకు ఫోన్ మోగింది. అవతల అదే గరగర గొంతు. "ఈ టీవీవాళ్ళు ముందున్న ఇద్దరినే చూపిస్తున్నారయ్యా. మావాడి బండి ఎక్కడుందో ఒక్కసారి కూడా చూపించలేదు. నువ్వు కంచె దగ్గరే ఉన్నావా?"

అన్నీ తెలుసని చెప్పుకుని తిరిగిన ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ, నవ్వూ కలిసి వస్తాయి. నిజంగా అన్నీ నేర్చుకున్నాక వాడికి దొరికిన పనల్లా, గుడ్డ చిరుగులో కన్ను పెట్టి, చెవిలో వేలు పెట్టుకుని, ఒక తెల్ల బండి కోసం ఎదురుచూడడమే. అంతకంటే మంచి ఉద్యోగం నేను ఇప్పటిదాకా చెయ్యలేదు.