తాగే నీళ్ళు పోసిన బ్యాటరీ

బ్యాటరీల షాపాయన్ని ఆ వీధిలో అందరూ డాక్టరనే పిలుస్తారు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో తేల్చడం కష్టం. కారు స్టార్టవ్వలేదని ఎవరొచ్చినా ఆయన ముందు బ్యాటరీ ముట్టుకోడు, ఉపన్యాసం మొదలెడతాడు.

"బ్యాటరీని చంపేది ఎండండీ. వేసవిలో లోపలి నీళ్ళు ఆవిరైపోతాయి, ప్లేట్లు బయటపడి పాడవుతాయి. అప్పుడు పైకేం తెలీదు. చలికాలం రాగానే ఇంజనాయిల్ చిక్కబడుతుంది, ఇంజన్ని తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. బ్యాటరీకేమో చలికి ఉన్న బలమే తగ్గుతుంది. ఇంకేముంది, చేతులెత్తేస్తుంది. జనం చలిని తిడతారు. పాపం చలి చావు కబురు చెప్పడానికొచ్చింది, అంతే."

ఈ ఆఖరి మాట దగ్గర ఆగి ఎదుటివాళ్ళ మొహం చూస్తాడు. నవ్వకపోతే మళ్ళీ చెబుతాడు. ఇక బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ బదులు తాగే నీళ్ళు పోశామని ఎవరైనా నోరు జారారా, అగ్గిమీద గుగ్గిలమే. "ఆ నీళ్ళలో ఉప్పూ సున్నమూ ప్లేట్లని తినేస్తాయి. మీ ఇంట్లో పిల్లాడికి ఇలాగే సున్నపు నీళ్ళు పట్టిస్తారా?" అని నలుగురిలో కడిగేస్తాడు.

అలాంటి పెద్దమనిషి పోయిన వేసవిలో చేసిన నిర్వాకం వినండి.

ఆయన అన్నగారి భార్యకో వ్యానుంది. ఆ చుట్టుపక్కలుండే నర్సుల్ని పొద్దున్నే హాస్పిటల్లో దింపి, సాయంత్రం తీసుకొస్తుంది. మరిది షాపు తెరిచిన రోజు ఒక్క పురుగు కూడా రాకపోతే, శుభ్రంగా ఉన్న బ్యాటరీని విప్పించి "చూడు బాబూ, దీనికేమైనా జబ్బుందేమో" అని మొదటి బేరం చేసిందావిడే. డాక్టరని పేరు పెట్టిందీ ఆవిడే.

ఆ వేసవిలో ఓ మధ్యాహ్నం వదిన వ్యాను తెచ్చి షాపు ముందు ఆపింది. డాక్టరు మూతలు విప్పి చూస్తే నీళ్ళు బాగా దిగిపోయాయి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా చూస్తే ఖాళీ. పక్క వీధికెళ్తే దొరుకుతుంది. కానీ రోడ్డు మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. బద్ధకం, ఇంకేం కాదు. బల్ల మీదున్న తన తాగే నీళ్ళ సీసా అందుకుని గబగబా పోసేశాడు. వదిన అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంటోంది, చూడలేదు. "చలికాలం దాకా ఢోకా లేదు వదినా, పో" అన్నాడు. సాయంత్రానికి మర్చిపోయాడు కూడా.

చలి ముదిరాక ఒక పొద్దున వ్యాను కదల్లేదు. తాళం తిప్పితే టిక్కు టిక్కుమని ఊరుకుంది. నర్సులు శాలువాలు కప్పుకుని గేటు దగ్గర నిలబడ్డారు. అన్న ఫోన్ చేస్తే డాక్టరొచ్చాడు. బానెట్ కూడా ఎత్తకుండా, అందరూ వింటుండగా, "లైట్లు వదిలేసి పడుకున్నావు కదూ వదినా? మతిమరుపొచ్చేసింది నీకు" అన్నాడు గట్టిగా. నర్సులు నవ్వారు. అన్న కూడా నవ్వాడు.

"ఆపాననే గుర్తు" అంది వదిన మెల్లగా.

ఆవిడ నవ్వకపోవడానికి కారణముంది. వాళ్ళమ్మ మతిమరుపుతోనే పోయింది. మొదట్లో పొయ్యి ఆర్పడం మర్చిపోయేది, తరవాత ఇంటి దారి, ఆఖరికి కన్నకూతురి పేరు. ఈ సంగతి మరిదికి తెలీదా అంటే బాగా తెలుసు. మాట నోరు దాటాక గుర్తొచ్చింది.

బ్యాటరీ షాపుకి తెచ్చి మూతలు తీస్తే ప్లేట్లు ఊడి అడుక్కి చేరున్నాయి. అప్పుడు కళ్ళ ముందుకొచ్చింది ఆ సీసా. లైట్లూ లేవు, మతిమరుపూ లేదు. తప్పంతా తనదే. ఆ క్షణమే ఫోన్ చేసి చెప్పొచ్చు. తాగే నీళ్ళు పోసినవాళ్ళని ఇన్నాళ్ళూ నానా మాటలన్న నోరాయె, ఎలా పెగులుతుంది? కొత్త బ్యాటరీ బిగించి, "అయిపోయిందిలే వదినా" అని మెల్లగా జారుకున్నాడు.

అయిపోలేదు. వదిన కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే అన్న మొహం అదోలా పెట్టాడు. కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికితే, "మొన్న లైట్లు, ఇవాళ ఇవి" అన్నాడు. బండి నిండా మనుషులుంటారు, ఎందుకొచ్చిన గొడవని వ్యాను తాళం తన చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పట్నుంచి వ్యాను తనే తోలుతున్నాడు. వదిన ఎదురు చెప్పలేదు. ఆవిడకే ఆవిడ మీద నమ్మకం పోయింది, ఆర్పిన పొయ్యి దగ్గరికే మళ్ళీ వెళ్ళి చూసుకునేది.

ఇవన్నీ డాక్టరు చెవిన పడుతూనే ఉన్నాయి. అన్నగారింటి ముందు నుంచి పోవడం మానేశాడు. షాపులో ఉపన్యాసం మొదలెట్టి మధ్యలోనే ఆపేస్తున్నాడు. "డాక్టరుగారూ, చావు కబురు చెప్పలేదేం?" అని ఎవరైనా అడిగితే, స్పానర్ కోసం వెతుకుతున్నట్టు బల్ల కిందకి వంగేవాడు. సిగ్గుతో చితికిపోతున్నాడు, నోరు మాత్రం తెరవడు.

ఒక సాయంత్రం వదిన నడిచొచ్చింది.

"బాబూ, మీ అన్నకి చెప్పకు. మతిమరుపు పరీక్షలు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తావా? నువ్వు కాదులే, అసలు డాక్టరు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఒక్కదాన్నీ వెళ్ళాలంటే భయంగా ఉంది."

డాక్టరు తలెత్తలేకపోయాడు. "నువ్వు లైట్లు వదల్లేదు వదినా" అన్నాడు. సీసా సంగతి, ప్లేట్ల సంగతి మొత్తం చెప్పేశాడు.

వదిన స్టూలు మీద కూలబడింది. "అయితే ఆపే వచ్చాను."

"ఆపే వచ్చావు."

ఆవిడ మొహం విప్పారింది. ఆ సంతోషం చూడ్డం కన్నా నాలుగు తిట్లు తినడమే నయమనిపించింది డాక్టరుకి. అంతలో ఆవిడ మొహం మళ్ళీ ముడుచుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

వదిన లేచింది. "పద. నర్సులు దిగే వేళయింది. ఆ రోజు ఎంత గట్టిగా అన్నావో, అక్కడే, అంత గట్టిగా చెప్పు."

వాళ్ళు వెళ్ళేసరికి అన్న వ్యాను గేటు లోపల పెట్టి దిగాడు. నర్సులు దిగుతున్నారు. డాక్టరు గేటు పట్టుకుని నిలబడి, "వదిన లైట్లు వదల్లేదు. బ్యాటరీలో తాగే నీళ్ళు పోసింది నేను" అన్నాడు.

"వినపడలేదు" అంది వదిన.

గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పాడు. ఈసారి ఎదురింట్లో బట్టలు తీస్తున్నావిడక్కూడా వినపడింది. అన్న జేబులోంచి తాళం తీసి భార్య చేతిలో పెట్టాడు.

వదిన వ్యానెక్కి స్టార్ట్ చేసింది. లైట్లు వేసింది, ఆపింది, ఇంజన్ ఆపి దిగింది. తలుపు తాళం వేసి మెట్ల దాకా వెళ్ళి ఆగింది. వెనక్కొచ్చి, మళ్ళీ తలుపు తీసి, లైట్ల స్విచ్ మీద చెయ్యి వేసి చూసుకుంది.

"అలవాటైపోయింది" అంది, ఎవరి మొహం చూడకుండా.