సత్యవేదం చెవి

ఏలూరులో ముప్పై ఏళ్ళుగా టాక్సీ తోలుతున్న సత్యవేదం బండిని చెవితో నడుపుతాడు. ఎంత ఎండలోనైనా అద్దం దించి, ఇంజను వైపు కాస్త తల వంచి కూర్చుంటాడు. ట్రావెల్స్ యజమానురాలు వాసవి రెండు కొత్త కార్లు, బ్యాటరీతో పాటు పెట్రోలు ఇంజనూ ఉన్న ప్లగిన్ హైబ్రిడ్ ఒకటి, పూర్తి ఎలక్ట్రిక్ ఒకటి, ట్రయల్‌కు తెప్పించి, ఏది బాగా నడుస్తుందో చెప్పమంది. "కరెంటు బండిలో నేను వినేదేముందండీ" అన్నాడు దిగులుగా. కొల్లేటి వంతెన మీద ప్లగిన్ హైబ్రిడ్ సగం దాకా బ్యాటరీతో ఎక్కాక, చిన్న కుదుపుతో ఇంజను అందుకుంది. చుట్టం పలకరించినట్టు అతని ముఖం వెలిగింది. పూర్తి ఎలక్ట్రిక్ కారు మాత్రం అతను కాలు ఆనించీ ఆనించకముందే వంతెన ఎక్కేసింది. వంతెన దిగేటప్పుడు అలవాటుకొద్దీ తల వంచాడు. చాలాసేపు అలాగే పోనిచ్చాడు.

"ఏంటండీ, ఏమన్నా తేడాగా ఉందా?" అంది పక్క సీట్లోని వాసవి.

"లేదండీ. ఈ దారిలో ఇన్ని పిట్టలు కూస్తాయని ఇన్నాళ్ళూ తెలీలేదండీ. ఇదే తీసుకోండి."