సుమ్మాదేవి స్టేషనులో దాహం

ఒకప్పుడు నాకు లాటిన్ కొట్టినపిండి. సరే, వచ్చినవి రెండే మాటలు. సితిస్ అంటే దాహం, తీరని కోరిక కూడా. సిక్కుస్ అంటే ఎండినది, మద్యం ముట్టని మనిషి కూడా.

యాభై ఏళ్లు దాటాక ఉద్యోగానికి తెనాలి నుంచి పలాస వచ్చాను. ఆఫీసు మాటలు తప్ప నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఒక మధ్యాహ్నం సుమ్మాదేవి స్టేషనులో రైలు కోసం కూర్చుని, గొంతెండిపోయి, పక్కనున్న ముసలమ్మ చెంబును మాటిమాటికీ అడిగి తీసుకుని ఒక్కో చుక్క తాగాను.

“కల్లు గానీ అనుకుంటన్నావేటి బాబూ?” అందామె.

“నేను సిక్కుస్‌నమ్మా, తాగను. నాది సితిస్, వట్టి దాహం.”

ఆమె చెంబులోకి తొంగిచూసింది.

“నీళ్లు తగ్గనేదు. నీకు దాహం కాదు బాబూ, మాటాడే మనిసి నేక ఇదైపోతన్నావు.”