ముందు తలుపు తాళంచెవి

మా బావని తిట్టకుండా ఆయన కథ చెప్పడం నా వల్ల కాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి.

బావ అంటే మా అక్క మొగుడు. తాళాలు బాగుచేస్తాడు. బజారులో బట్టల కొట్టు మెట్ల కింద, లేచి నిలబడితే తల తగిలేంత జాగాలో ముప్ఫై ఏళ్ళుగా కూర్చున్నాడు. వెనక మేకులకి పళ్ళు కోయని తాళంచెవులు వేలాడుతుంటాయి, ఒళ్ళో ఆకురాయి ఉంటుంది. నడుం వంగిపోయింది గానీ నోరు మాత్రం వంగలేదు. తాళం పాడైందని ఎవరొచ్చినా ముందు నాలుగు తిట్టి తర్వాత బాగుచేస్తాడు. "తాళం పాడవలేదయ్యా, నువ్వు పాడుచేశావు" అనేది ఆయన బోణీ మాట.

అలాంటి మనిషికి యాభై ఆరో ఏట టూరిజం ఆఫీసు నుంచి కబురొచ్చింది. దొరల కాలం నాటి పాత ఊళ్ళు నాలుగింటిని తళతళలాడించి జనానికి చూపించాలని వాళ్ళ ఉద్దేశం. బిగుసుకుపోయిన పాత తలుపులు తెరవాలి, పోయిన తాళంచెవులు కొత్తగా చేయాలి, చేసినవన్నీ ఒక సంచిలో వేసి ఆఫీసుకి అప్పజెప్పాలి. పని సవ్యంగా ముగిస్తే నాలుగు ఊళ్ళ తాళాలూ చూసుకునే ఉద్యోగం శాశ్వతంగా ఆయనకే ఇస్తామన్నారు. బల్ల, కుర్చీ, నెత్తి మీద ఫ్యాను. మా అక్క ఆ మాట విన్న రోజు నుంచి "ఆఫీసుకి పోయే మనిషి మాట్లాడే తీరేనా ఇది?" అని ఆయన నోటికి కళ్ళెం వేయడం మొదలుపెట్టింది. నాకు వ్యాను ఉంది కాబట్టి బావని తిప్పే పనీ, ఆ నోటికి కాపలా కాసే పనీ రెండూ నా నెత్తిన పడ్డాయి.

మొదట రేవు ఊరు వెళ్ళాం. ఉప్పుగాలికి అక్కడ ప్రతి తాళమూ తుప్పు పట్టి రాయైపోయింది. తాళం కన్నాలకి దొరలు ఇత్తడి మూతలు పెట్టించారు గానీ, గాలి మూత అడిగి వస్తుందా? ఆ ఊళ్ళో ఒక్క ఇంటికీ తాళం పడదు. తలుపుకి అడ్డంగా ఒక బండరాయి పెడతారు. రాయి లోపలివైపు ఉంటే మనుషులున్నట్టు, బయట ఉంటే లేనట్టు. బావ పనిలోకి దిగగానే పదిమంది చుట్టూ మూగారు. ఒకడు నూనె పొయ్యమంటాడు, ఒకడు సుత్తితో కొట్టమంటాడు, ఇంకొకడు "మా మావయ్యయితే ఈపాటికి తీసేసేవాడు" అంటాడు. బావకి మండి, "అయితే మీ మావయ్యనే పిలవండి, నేను పోతా" అన్నాడు. వాళ్ళు నిజంగానే పిలిచారు. ఆ మావయ్య వచ్చి తన సలహా తను చెప్పి, సాయంత్రం దాకా అక్కణ్ణించి కదల్లేదు.

తర్వాత పటాలం ఊరు. సైన్యం కోసం గీత గీసి కట్టిన ఊరు, నూటపది ఇళ్ళూ ఒకే అచ్చు. మొదటి ఇంటి తాళానికి బావ పొద్దున్నంతా చెమటోడ్చి చెవి చేశాడు. అంతసేపూ అరుగు మీద కూర్చుని చూసిన పక్కింటి పెద్దాయన అప్పుడు నోరు విప్పాడు.

"మా ఇంటి చెవి పడుద్ది కదా, అడగలేకపోయారా?"

నూటపది ఇళ్ళకీ ఒకటే తాళంచెవి! సైన్యం వాళ్ళు ఒకే అచ్చున పోయించి పంచిపెట్టారట. ఎవరి చెవితోనైనా ఎవరిల్లయినా తెరుచుకుంటుంది, అయినా దొంగతనమన్నది లేదు. తాళం వేసేది కుక్కలు దూరకుండానట. ఒక ఇంట్లో అన్న మాట మాత్రం సాయంత్రానికల్లా నూటపది ఇళ్ళూ తిరిగొస్తుంది. పూటంతా దండగ చేశాడని బావ ఆ పెద్దాయన మీద విరుచుకుపడ్డాడు. వ్యాను ఎక్కాక మాత్రం ఆ చెవిని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తూ, "ఏం ఊరురా ఇది!" అని రెండుసార్లు అన్నాడు.

మూడోది కొండ మీద. అక్కడి దొరలు ఎవర్ని చూసి జడుసుకున్నారో తెలీదు గానీ, తలుపుకి మూడేసి గడియలు, అలమారకి తాళం, చివరికి పంచదార డబ్బాకీ తాళమే. దొరలు పోయారు, జడుపు మిగిలింది. ఇప్పుడున్నవాళ్ళు మాకు టీ కిటికీ ఊచల్లోంచి అందించి, తాగేదాకా అక్కడే నిలబడి గ్లాసులు వెనక్కి లాక్కున్నారు.

అప్పటికి బావకి కొత్త పిచ్చి పట్టుకుంది. "దొరల ఊళ్ళు, దొరల ఊళ్ళు అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు గానీ, ఏ ఊరి తాళం ఆ ఊరిదేరా. తాళంలో చూస్తే ఊరు కనపడుతుంది" అనేవాడు. దారి పొడుగునా అదే గోల. నాకు చెవులు చిల్లులు పడ్డాయి.

మా ఖర్మకొద్దీ ఆ వారమే, మూడు ఊళ్ళ తాళంచెవులు అప్పజెప్పడానికి వెళ్తే, ఆఫీసరు యాత్రికుల కోసం వేయబోయే పుస్తకం చూపించాడు. నాలుగు పేజీలు, నాలుగు ఊళ్ళ ఫొటోలు. నాలుగింటి కిందా ఒకే ముక్క: ప్రశాంతమైన వాతావరణం, ఎత్తైన స్తంభాలు, అతిథులను ఆదరించే జనం.

"రేవు ఊళ్ళో ప్రశాంతమా సార్?" అన్నాడు బావ. "కొండ మీద ఆదరణా? మాకు ఊచల్లోంచి టీ పోశారండీ."

"ఇదంతా చదివేదెవరండీ? ఫొటో బాగుంటే చాలు."

"పోనీ, పటాలం ఊరి తాళంచెవి సంగతైనా వెయ్యండి. ఒక్క చెవితో ఊరు ఊరంతా..."

"అది వేస్తే మర్నాడే దొంగలు పడతారు. మీరు తలుపులు తియ్యండి చాలు, ఊళ్ళ సంగతి మేం చూసుకుంటాం."

బావ నోరు తెరవబోయాడు. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కి పట్టుకున్నాను. తిట్టు మింగిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను. వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఇక మిగిలింది కచేరీ ఊరు. దొరల కోర్టులూ కచేరీలూ నడిచిన ఊరు. ప్రారంభోత్సవం అక్కడే పెట్టారు. పెద్ద వీధిలో వరసగా పద్నాలుగు ఇళ్ళు, పద్నాలుగు నిలువెత్తు తలుపులు, అన్నీ మూసే ఉన్నాయి. మెట్ల సందుల్లో గడ్డి మొలిచింది. పొద్దున పదకొండింటికి వీధిలో పురుగు లేదు. చుట్టు తిరిగి వెనక సందులోకి వెళ్తే ఊరంతా అక్కడే ఉంది. సైకిళ్ళు, తడిబట్టలు, కూరగాయల బండి, పంపు దగ్గర పోట్లాట, అన్నీ ఆ ఇరుకులోనే.

వీధి మొదట్లో ఉన్న ఇల్లు ఒక పెద్దావిడది. ఇస్త్రీ చేస్తుంది. డెబ్భై దాటి ఉంటాయి, చేయి మాత్రం ఇస్త్రీపెట్టె మీద స్థిరంగా ఉంది. వంటింట్లోంచి మమ్మల్ని ముందు గదిలోకి తీసుకెళ్ళింది. ఇస్త్రీ బల్ల సరిగ్గా ఆ పెద్ద తలుపుకే ఆనించి ఉంది. బల్ల జరిపి బావ తలుపు తడిమి చూశాడు. పైన తుప్పు పట్టిన గడియ ఒకటి ఉంది. తాళం కన్నం మాత్రం లేదు, ఉత్త చెక్క. సందు చుట్టి ముందుకెళ్ళి చూస్తే కన్నం బయటివైపు ఉంది.

"ఇదేం తాళమమ్మా, లోపల్నుంచి చెవి పెట్టే దారే లేదు?" అన్నాడు తిరిగొచ్చి.

ఆవిడ చొక్కా కాలరు మీంచి చూపు ఎత్తలేదు. "మా అమ్మమ్మ ఇదే ఇంట్లో దొరసాని బట్టలుతికేది నాయనా. దొర బయటికెళ్తే తాళమేసి చెవి జేబులో వేసుకుని పోయేవాడంట. పనివాళ్ళు ముందు నుంచి పోకూడదు, ముందు నుంచి ఎవర్నీ రానివ్వకూడదు. దేశం విడిచి పోయేటప్పుడు వెనక గదుల్లో ఉన్నవాళ్ళకే ఇళ్ళు రాసిచ్చారు. చెవులు మాత్రం అలవాటుగా జేబులో వేసుకుని పోయారు."

"ఎనభై ఏళ్ళు! తాళం పగలగొట్టుకోవచ్చు కదమ్మా?"

"సొంతింటి తాళం పగలగొట్టడానికి మేమేమన్నా దొంగలమా?"

"పోనీ నాలాంటివాణ్ణి పిలిస్తే సరిపోయేది."

"పాత కట్టడాలంట, ఆఫీసు చెప్పకుండా తలుపు మీద చెయ్యి వేయకూడదంట. చెవి చేయించుకుంటాం బాబూ అని పదకొండుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాను. 'ఇవాళ కుదరదు, రేపు రా' అన్నారు. పదకొండుసార్లూ అదే మాట. ఇప్పుడు చూసేవాళ్ళొస్తున్నారని నిన్ను పంపారు."

బావ మళ్ళీ సందు చుట్టి వీధిలోకి వెళ్ళాడు. ముందు మెట్ల మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. పళ్ళు కోయని చెవికి మసి పట్టించి కన్నంలో పెట్టి తిప్పుతాడు. లోపల ఎక్కడ తగిలితే అక్కడ మసి చెదురుతుంది. అక్కడ ఆకురాయితో అరగదీసి, మళ్ళీ మసి పట్టిస్తాడు. ఎండ నెత్తి మీద పడుతున్నా జరగలేదు. మూడింటికి తాళం తిరిగింది. తలుపు మూలుగుతూ తెరుచుకుంది. ఇస్త్రీ బల్ల మీద వెలుగు పడింది. పెద్దావిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గడప దాకా వచ్చింది, దాటలేదు. అలా వీధిని చూస్తూ నిలబడిపోయింది.

బావ చెయ్యి తుడుచుకుని, మూడు ఊళ్ళ అలవాటు కొద్దీ తాళంచెవిని ఆఫీసు సంచిలో పడేశాడు.

"నువ్వూ పట్టుకుపోతున్నావా నాయనా?" అంది ఆవిడ. కోపంగా కాదు. టైమెంతయిందని అడిగినట్టు అడిగింది.

బావ చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. నేను ఆయన్ని పక్కకి లాక్కెళ్ళాను.

"బావా, రెండు చెయ్యి. ఒకటి ఆవిడకి, ఒకటి ఆఫీసుకి. పాము చావాలి, కర్ర విరక్కూడదు."

"నీ ఇంటి చెవి ఇంకోడి దగ్గరుంటే ఊరుకుంటావురా? అది ఇల్లా, సత్రమా?"

"అక్క ఫ్యాను కింద నిన్ను చూడాలని పడిగాపులు పడుతోంది!"

"మీ అక్కకి నేను మెట్ల కింద అలవాటే" అని వెళ్ళి ఆవిడ చేతిలో తాళంచెవి పెట్టాడు. ఆవిడ కొంగున ముడేసుకుంది. "ఇప్పటికి మూసెయ్యి. నాకు తియ్యాలనిపించినప్పుడు నేను తీసుకుంటా" అంది. బావ లోపలి గడియని ఊడదీసి, తుప్పు గీకి, నూనె పట్టించి మళ్ళీ బిగించాడు. ఆ పని ఎవరూ చెప్పలేదు.

అక్కడితో ఆగాడా? నాలుగు రోజుల్లో పద్నాలుగు తాళంచెవులూ చేసి, ఎవరివి వాళ్ళకిచ్చేశాడు. నేను బతిమాలాను, అరిచాను, అక్క చేత ఫోన్ చేయించాను. "ఆ, ఆ" అన్నాడు ఫోన్లో. మళ్ళీ ఆకురాయి తీసుకున్నాడు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలో మీరే చెప్పండి. ముప్ఫై ఏళ్ళు కాచుకున్న కుర్చీని నా కళ్ళెదుటే తన్నేసుకున్నాడు.

ప్రారంభం రోజు కుర్చీలు వేశారు, రిబ్బను కట్టారు, కార్లలో పెద్దమనుషులు దిగారు. ఆఫీసరు నవ్వుతూ చెయ్యి చాచాడు. "తాళంచెవులు తెచ్చారా?"

బావ సంచిని తిరగేసి దులిపాడు. "ఎవరివి వాళ్ళ దగ్గరున్నాయి సార్. అడిగి తీయించుకోండి."

అప్పటిదాకా 'మీరు' అన్నవాడు ఒక్కసారిగా 'నువ్వు'లోకి దిగాడు. "నువ్వు ఉద్యోగం సంగతి ఇక మర్చిపో" అన్నాడు పళ్ళ బిగువున. పెద్దమనుషులు చూస్తున్నారు, చేసేదేముంది? అందర్నీ వెంటేసుకుని వెనక సందులోకి నడిచాడు. తడి దుప్పట్ల కింద నుంచి తలలు వంచుకుని పెద్దమనుషులంతా వరసగా వెళ్ళారు. బురదలో ఒకాయన బూటు దిగబడింది.

"ఈ చొక్కా అయిపోనివ్వండి" అంది పెద్దావిడ. కూర్చోడానికి చోటు లేదు, వాళ్ళు పంపు దగ్గర నిలబడ్డారు. ఆవిడ చేతులూ, జేబూ, గుండీల పట్టీ తాపీగా రుద్ది, మడతపెట్టి, ఇస్త్రీపెట్టె ఆపి బయల్దేరింది. సందు చుట్టి పెద్ద వీధిలోకి వచ్చింది, వెనక ఆఫీసరూ అతిథులూ. కన్నం బయటే ఉంది కదా, ఆ తలుపు తీయాలంటే ఎవరైనా ముందు మెట్లెక్కాల్సిందే. ఆవిడ మెట్లెక్కింది. కొంగు ముడి విప్పింది. తాళం తిప్పింది. పుట్టి పెరిగిన ఇంట్లోకి మొట్టమొదటిసారి ముందు నుంచి లోపలికి వెళ్ళింది.

"రండి సార్, రండి" అంటూ ఆఫీసరు అతిథులకి దారి చూపించి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

ఆఫీసరు తలుపు తట్టాడు.

"ఎవరూ?"

"నేనమ్మా. ఆఫీసరుని."

"ఇవాళ కుదరదు. రేపు రండి."

తిరుగు దారిలో నేను తిట్టిన తిట్లన్నీ ఇక్కడ రాయను. ఉద్యోగం పోయింది. పుస్తకం ఆ ఒక్క ముక్కతోనే అచ్చయింది. మర్నాటి నుంచి మళ్ళీ మెట్ల కింద వంగి కూర్చోవాలి. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"గడియ ఎలా పడిందో విన్నావా?" అన్నాడు చివరికి. "ఒక్క దెబ్బకి."

"విన్నాను. ఆ ముక్క ఇంటికెళ్ళి అక్కకి నువ్వే చెప్పుకో" అన్నాను.