నాన్న ఓవరాల్ వాసన

పోయిన నెల అరిజోనా ఎడారిలో రిటైరైన యుద్ధవిమానాలు చూడ్డానికి వెళ్లాం. ఓ విమానం రెక్క నీడలో నిలబడగానే ఎండకు కాగిన పాత ఆయిల్ వాసన తగిలింది. అచ్చం నాన్న డ్యూటీకి తొడుక్కునే ఓవరాల్ వాసనే!

ఎయిర్‌ఫోర్స్ క్వార్టర్స్‌లో పెరిగిన నేస్తాల్లారా, గుర్తుందా? పారాచూట్ గుడ్డతో కుట్టిన కర్టెన్లు, అమ్మలు ఎంత ఉతికినా నాన్నల ఓవరాల్స్‌ని వదలని ఆ జిడ్డు? నాన్న విమానాల మెకానిక్. ఆదివారాలు నా చేతికి స్పానర్ ఇచ్చి తన సైకిల్ విప్పించేవాడు.

"ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకండీ?" అనేది పక్కింటి ఆంటీ.

"నట్టుకేం తెలుసండీ, తిప్పేది ఆడో మగో!" అనేవాడు నాన్న.

నేనేమో పెద్దయ్యాక సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. ఈ వేసవిలో ఆ ఉద్యోగం పోయింది.

ఎడారిలోని ఆ పాత విమానాల పార్టులు ఇంకా ఎగురుతున్నవాటికి వాడతారని అక్కడి గైడ్ చెప్పాడు. తిరిగొస్తూ కార్లోనే మావారితో అన్నాను.

"ఎయిర్‌క్రాఫ్ట్ మెకానిక్ కోర్స్‌లో జాయిన్ అవుతున్నా."

"నలభై తొమ్మిదేళ్లకా? సీరియస్‌గానే?"

"సీరియస్‌గానే. మీరు డ్రైవ్ చేయండి, నేను అప్లై చేస్తా."

నిన్న మొదటి క్లాసు. ఇరవయ్యేళ్ల పిల్లలు నన్ను టీచరనుకుని "గుడ్ మార్నింగ్ మ్యామ్" అన్నారు. నవ్వి, వాళ్ల పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.