నాగరాజు సినిమాలో ఒకే ఒక్క తప్పు

కాలేజీ కోసం నేను తీసిన సినిమాను ఎక్కడ ఎడిట్ చేయించాలా అని తెగ ఆలోచించి, చివరికి చింతామణిలో పెళ్ళి వీడియోలు తీసే అంగడినే ఖాయం చేసుకున్నాను. అక్కడ రెండు వీసీఆర్లు కలిపి ఒకదాని టేపు నుంచి ఇంకోదాని టేపుకు ముక్కముక్కగా ఎక్కిస్తారు. అతికిన చోటల్లా బొమ్మ ఎగిరిపడుతుంది.

ఈరోజు మా క్లాసు నాగరాజు, వాళ్ళ అవ్వ మీద తీసిన సినిమా చూపించాడు. బెంగళూరులో వాళ్ళ మామకున్న ఎడిటింగ్ మెషీన్ మీద చేశాడట. ఎక్కడా అతుకు కనబడలేదు. నాకు కడుపు మండిపోయింది.

“ఎట్లుండాదప్పా?” అన్నాడు.

“అవ్వ నవ్వుతాంటే మధ్యలోనే కోసేస్తివే! నవ్వు అయ్యేదాకా ఉంచాల గదా,” అన్నాను, వాణ్ణి ఏడిపించాలని.

“నిజమేనప్పా!” అంటూ, సరిచేసుకురావడానికి వాడు సాయంత్రం బస్సుకే బెంగళూరు పరుగెత్తాడు.

వాడి సినిమాలో ఉన్న ఒకే ఒక్క తప్పును నేనే దిద్దిపెట్టాను. మీరైతే నోరు మూసుకుని ఉండగలిగేవారా, నిజం చెప్పండి.