బీరువాలో పంచె, దర్జీ దగ్గర కందూరా

కుసుమకుమారి మంచి మనిషే, కాదనను. కానీ కాకినాడ మాట వచ్చిందంటే ఆవిడతో వేగడం బ్రహ్మతరం కాదు. యూఏఈలో ఖోర్ ఫక్కాన్ అనే ఊళ్ళో కాపురం పెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఎదురుగా సముద్రం, వెనక కొండలు, నాలుగడుగులు వేస్తే బజారు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఎంత చక్కటి ఊరండీ అంటారు. ఈవిడ మాత్రం చేప కొంటే మా కాకినాడ వంజరం ముందు ఇదెంత అని మూతి తిప్పుతుంది. ఏడాదికోసారి వాన పడితే అదీ ఒక వానేనా అంటుంది. ఆఖరికి ఇక్కడి కాకులు కూడా మా ఊళ్ళో అరిచినట్టు అరవవంటుంది. పోనీలెండి, పుట్టినూరి మీద బెంగ ఎవరికుండదు?

ఆ బెంగ తీరే రోజు రానే వచ్చింది. భర్త దక్షిణామూర్తి పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో పని చేస్తాడు. 2024 జూన్‌తో ఆయన ఉద్యోగం ముగుస్తుంది. ఒక్కగానొక్క కొడుకు సుజిత్‌కి పన్నెండో తరగతి కూడా అప్పటికి అయిపోతుంది. ఇంజనీరింగ్ అక్కడే చదవొచ్చు కాబట్టి ముగ్గురూ కట్టకట్టుకుని కాకినాడ వెళ్ళిపోవడమే. కుసుమకుమారికి కాలు నేలమీద నిలవడం లేదు.

సుజిత్ చదివే బడిలో ఒక ఆనవాయితీ ఉంది. పన్నెండో తరగతి పిల్లలకి వెళ్ళిపోయే ముందు తలా రెండు ఫొటోలు తీస్తారు. ఒకటి బడి కోటులో, రెండోది ఎవరి ఊరి బట్టల్లో వాళ్ళకి. మలయాళీ పిల్లలు ముండు పంచె కట్టుకొస్తారు, పంజాబీ పిల్లలు రంగురంగుల తలపాగాలు చుట్టుకొస్తారు. ఆ రెండో ఫొటో కోసం కుసుమకుమారి రెండేళ్ళ ముందే పెద్దాపురం పట్టుపంచె కొని తెచ్చి, నాఫ్తలీన్ ఉండలు వేసి బీరువాలో దాచింది. అప్పుడప్పుడూ తీసి మడతలు మార్చి మళ్ళీ పెట్టేది. ఆ పంచెలో కొడుకు ఫొటో తీయించి కాకినాడ ఇంటి హాల్లో తగిలించాలని ఆవిడ కోరిక. పుట్టింటివాళ్ళు వాణ్ణి దుబాయ్ పిల్లాడు, దుబాయ్ పిల్లాడు అని ఆటపట్టిస్తారు. వీడు అచ్చంగా మన గోదారి పిల్లాడే, కళ్ళు విప్పి చూడండి అని వాళ్ళకి చూపించాలి.

జనవరిలో ఒకరోజు అన్నం తింటూ సుజిత్, ఫొటోకి తను కందూరా వేసుకుంటానని మెల్లిగా చెప్పాడు. ఇక్కడి అరబ్బులు తొడుక్కునే, మెడ నుంచి మడమల దాకా ఉండే తెల్లటి అంగీ అది.

దక్షిణామూర్తి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఒట్టి భయస్తుడు. ఇక్కడివాళ్ళు చూస్తే ఏమనుకుంటారో, ఉన్న అయిదు నెలలూ తలొంచుకుని ఉండి ఖలాస్ అనిపించుకుని పోదాం అని నీళ్ళు నమిలాడు. కుసుమకుమారి నీళ్ళు నమిలే రకమా? మన బట్టలు నీకు నామోషీ అయిపోయాయా అని గయ్యిమంది. నా నాలుగో ఏట ఇక్కడి నేషనల్ డేకి మీరే కందూరా తొడిగి చుట్టాలందరికీ ఫొటోలు పంపారు కదా అన్నాడు వాడు. అప్పుడు చిన్నపిల్లాడివి, ముద్దొచ్చావంది. ఇప్పుడేమయిందని అడిగితే ఆవిడ గొంతు ఇంకా పెరిగింది. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో గిన్నెలు ధడధడలాడాయి.

మూడో రోజు పక్కింటావిడ, మీ వాడు హయాత్ బాషా కొట్లో కొలతలిస్తుంటే చూశానని చెప్పింది. హయాత్ బాషా కడప మనిషి, పాత బజారులో ఎన్నో ఏళ్ళుగా కందూరాలు కుడుతున్నాడు. కుసుమకుమారి చెప్పులేసుకుని ఉన్నపళంగా బయల్దేరింది. వెళ్ళేసరికి తెల్లగుడ్డ కత్తిరించడం అయిపోయి మిషను మీదికెక్కింది. ఇక కుట్టొద్దు, ఆపెయ్యండి భాయ్ అంది.

బాషా మిషను ఆపాడు. "ఆపమంటే ఆపుతాలేమ్మా, పిల్లోడు మీ పిల్లోడు. ఫొటో మటుకే అయితే ఒకటి అద్దెకిస్తాలేరా అని నేనే చెప్పినా. వద్దన్నాడు. కింద నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి కుట్టమన్నాడు. పొడుగైతే విప్పుకుంటాడంట. ఆడికి పోయినాక ఇది కుట్టేవాళ్ళు దొరకరు గదా అన్నాడు."

కుసుమకుమారి ఆ మడత చేత్తో పట్టుకుని చూసింది. ఆవిడకి ఇదేమీ తెలియని పని కాదు. పెళ్ళయి ఇక్కడికొచ్చేటప్పుడు, దొరుకుతుందో దొరకదో అని పెరట్లో గోరింటాకు ఎండబెట్టి చీరల మధ్య పెట్టుకొచ్చిన మనిషి. ఊరు వదిలిపోయేవాళ్ళే అలాంటి పనులు చేస్తారు. గుడ్డ మళ్ళీ మిషను మీద పెట్టి, కొట్టు మెట్లు దిగి వచ్చేసింది.

సాయంత్రం సుజిత్ సముద్రపు ఒడ్డున బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రోజూ అక్కడే కూర్చుంటాడు. ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది. తల్లి తిడుతుందనుకుని వాడు తల దించుకున్నాడు.

"కాకినాడంటే నీకిష్టం లేదా నాన్నా?"

"ఇష్టమేనమ్మా, అమ్మమ్మ ఇల్లు ఇష్టం లేకపోవడమేంటి? కానీ అక్కడ గుమ్మంలో కాలు పెట్టగానే ఎప్పుడొచ్చావు, ఎన్నాళ్ళుంటావు అని అడుగుతారు. ఇక్కడ నన్నెవరూ అలా అడగరు." వాడు సముద్రంవైపు తిరిగాడు. "నీకు బెంగొస్తే టికెట్ కొనుక్కుని ఊరెళ్ళొచ్చేదానివి. జూన్ తర్వాత నేను మా ఊరు రావాలంటే వీసా కావాలమ్మా. అదీ వాళ్ళు ఇస్తేనే."

ఈసారి కుసుమకుమారి గొంతు పెరగలేదు. ఊరి మీద బెంగ తనొక్కదాని సొత్తనుకుంది పిచ్చితల్లి. తన బెంగ తీరే రోజునే వాడి బెంగ మొదలవుతుందని పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. వాడి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, దీపాలు వెలిగేదాకా అలాగే కూర్చుంది.

ఫొటోల రోజున కందూరా ఆవిడే ఇస్త్రీ చేసింది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ దిక్కులు చూస్తూ దక్షిణామూర్తి కూడా వెంట వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. బడి గేటు దగ్గర కాపలా ఉన్న అరబ్బు పెద్దాయన మాత్రం మాషా అల్లా అని వాడి భుజం తట్టాడు. బడిలో ఒక గదిలో తెర కట్టి నూర్ మొహమ్మద్ అనే ఫొటోగ్రాఫరు ఫొటోలు తీస్తున్నాడు. ఫొటో కింద పేరు, ఊరు వేయాలట. బేటా, ఏ ఊరు మీది అని హిందీలో అడిగాడు.

సుజిత్ తల్లివైపు చూశాడు. బట్టల విషయంలో తన మాట నెగ్గింది కదా, ఇదైనా ఆవిడకి వదిలేద్దామనుకున్నాడో ఏమో, కాకినాడ అన్నాడు.

"కాదు భాయ్," అంది కుసుమకుమారి. "ఖోర్ ఫక్కాన్ అని రాయండి. వీడిది ఈ ఊరే."

కన్నకొడుకు తన ఊరివాడు కాడని నలుగురిలో తన నోటితోనే చెప్పేసింది. నూర్ మొహమ్మద్ ఊరి పేరు రాసుకుని కెమెరా వెనక్కి వెళ్ళాడు. సుజిత్ ఇంకా తల్లివైపే చూస్తున్నాడు. ఇటు చూడు బేటా అని రెండుసార్లు పిలిస్తే గానీ తిరగలేదు.